తొట్టి కింద తెల్ల అట్ట

నా పేరు రామచంద్ర. తిరుపతి కొర్లగుంటలో పద్నాలుగేళ్లు ఎస్టీడీ బూత్ నడిపాను. చేపల గురించి నాకు పులుసుగా తప్ప ఇంకే రకంగానూ తెలియదు. అయినా ఎవరింట్లోనైనా చేపల తొట్టి కనిపిస్తే చాలు, ముందు వంగి దాని అడుగున చూస్తాను, తెల్ల అట్ట ఉందా లేదా అని. కాఫీ తెచ్చిన ఇల్లాలు నన్నొక రకంగా చూస్తుంది. ఇదేం పాడలవాటని మా ఆవిడ విసుక్కుంటుంది. నిజమే, పాడలవాటే. అది నాకెలా అంటుకుందో చెప్పాలంటే మునివెంకటప్ప గురించి చెప్పాలి.

మునివెంకటప్పది మా బూత్ పక్క కొట్టు. చేపల తొట్లు చేసి అమ్మేవాడు. ఆయనకి ఫోను లేదు. వచ్చే ఫోన్లన్నీ నా బూత్‌కే వచ్చేవి. నేను గోడ మీద చేత్తో బాదితే ఆయన లుంగీకి చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు. ఈ ఏర్పాటు వల్ల ఆయన గుట్టంతా నాకు తెలుసు. నా నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆయన గుట్టు కొర్లగుంటకంతా తెలుసు.

ఆయన పుట్టింది చిత్తూరు దగ్గర పల్లెలో. పదిహేనో ఏట తిరుపతి వచ్చి, దేవుడి పటాలు కట్టే అంగట్లో అద్దాలు కోసే పనికి చేరాడు. ఇరవై ఏళ్లు అదే పని. ఆయన కోసిన అద్దాల వెనక ఎన్ని ఇళ్లలో ఎంతమంది వెంకటేశ్వరులు నిలబడి ఉన్నారో ఆ స్వామికే తెలియాలి. తర్వాత ప్లాస్టిక్ అతికించిన పటాలు వచ్చాయి. అద్దంతో పని తగ్గింది. అప్పుడే ఒక పళ్ల డాక్టరు తన ఆసుపత్రిలోకి చేపల తొట్టి కావాలన్నాడు. మునివెంకటప్ప ఇనుప పట్టీలతో చట్రం చేయించి, అందులోకి అద్దాలు దించి, సందుల్లో పుట్టీ కూరి ఇచ్చాడు. చుక్క కారలేదు. దాంతో ఆయన చేపల మునెంకటప్ప అయ్యాడు.

పేరు మారింది గానీ బతుకేమీ మారలేదు. అదే అద్దం, అదే మోత. మోకాళ్లు అరిగిపోయాయి. అరచేతుల నిండా గాట్ల మీద గాట్లు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడొకడు, ఇందులో దేవుడు గీసిన గీత ఏదో తెలియడం లేదప్పా అని వదిలేసి పోయాడు. ఈ సంగతి జరిగిన రెండు వేల రెండు నాటికి ఆయనకి యాభై ఆరేళ్లు. పొద్దున కొట్టు తెరవగానే స్టూలు మీద కూలబడి "ఉస్సో" అనేవాడు. ఇంకా పని మొదలుపెట్టకముందే!

"రాత్రంతా పడుకోనే కదన్నా వచ్చినావు?" అని నేను ఎగతాళి చేస్తే, "పడుకునేదానికి కూడా ఓపిక గావల్ల రామచంద్రా" అనేవాడు.

ఆయనకొక నియమం ఉండేది. తొట్టి కింద ఏమీ పరచకూడదు. ఇనుప చట్రం తొట్టిలో అడుగు అద్దం చట్రం అంచు మీద కూర్చుంటుంది. అద్దానికీ కింది బల్లకీ మధ్య సన్నటి సందు మిగులుతుంది. ఆ సందులో గుడ్డో అట్టో కూరితే అది అద్దాన్ని పైకి తోస్తుంది, లోపలి నీళ్లు కిందికి తోస్తాయి, మధ్యలో అద్దం నలిగి చస్తుంది. పదిహేనేళ్లకు పైగా చూసి నేర్చుకున్న సత్యం అది. ఆ సందులో ఆయన పెట్టేది ఒక్కటే, పసుపు రాసిన రూపాయి బిళ్ళ. కొత్త రోలు దించినా, బీరువా దించినా కింద ఒక బిళ్ళ ఉంచడం వాళ్లింట్లో ఆచారం. ఈయన తొట్టికీ అదే చేసేవాడు. ఈశాన్యం మూలకి నాలుగు వేళ్లు లోపలగా బిళ్ళ ఉంచి, దణ్ణం పెట్టి, దాని మీద తొట్టి దించేవాడు. బిళ్ళ ఆ సందులో అద్దానికి తగలకుండా పడి ఉండేది.

ఆయనకి ఒక్కతే కూతురు, స్రవంతి. ఇంటర్‌లో లెక్కలు తప్పింది, మళ్లీ కట్టింది, మళ్లీ తప్పింది. నాయనకి టీ తెచ్చే వంకతో కొట్టుకి వచ్చి, రోజూ వచ్చి, చివరికి పనిలో దిగింది. రెండేళ్లు తిరిగేసరికి అద్దం ఆయన కంటే తిన్నగా కోస్తోంది. ఒకసారి చేపలు కొనడానికి తండ్రీకూతుళ్లు మద్రాసు కొళత్తూరు పోయారు. అక్కడి అంగళ్లలో ఇనుము లేని తొట్లు చూసింది. అద్దానికి అద్దం గమ్ముతో అతికించడమే, చట్రమన్నదే లేదు. నాయన చేపలు బేరమాడుతుంటే ఈ పిల్ల అతికించేవాడి ముందు సాయంత్రం దాకా కూర్చుంది. తిరిగొచ్చాక అలాంటివే చేయడం మొదలుపెట్టింది.

ఆ తొట్టికి అడుగు అద్దమంతా బల్లకే ఆనుతుంది. బల్ల మీద ఒక్క ఇసుక రేణువున్నా బరువంతా అక్కడే పడి అద్దం చీలుతుంది. అందుకని కింద థర్మోకోల్ అట్ట పరవాలి. ఎగుడుదిగుళ్లన్నీ అది మింగేస్తుంది. కొళత్తూరువాడు ఆ పిల్లకి చెప్పిన మొదటి మాట అదేనట.

నన్నడిగితే ఇద్దరిదీ సరైన మాటే. ఇనుప తొట్టికి అట్ట వద్దు, అద్దాల తొట్టికి అట్ట కావాలి. ఇంత చిన్న సంగతి మునివెంకటప్ప తలకెక్కలేదు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"నా తొట్లకి పరుపులు యాడ ఏసినా పాపా? ఇన్నేండ్లు నిలబళ్లేదా?"

"అవి ఇనపవి నాయనా. ఇది వేరే."

"నీళ్లు అవే, చేపలు అవే. వేరే ఏంది?"

"అడుగు వేరే నాయనా!"

"అమ్మా, తల్లీ, ఈడ ఫోన్లో మాట్లాడేవాళ్లకి ఏమీ ఇనపడ్లేదు" అని నేను గోడ ఇవతల నుంచి అరిచేవాణ్ణి.

చివరికి ఆ పిల్లే దారి కనిపెట్టింది. అట్టలో ఈశాన్యం మూలన బ్లేడుతో బిళ్ళంత గుంట తొలిచి, "ఇదో, నీ రూపాయి ఈడ పెట్టుకో నాయనా. ముణిగి కూర్చుంటుంది, అద్దానికి తగలదు" అంది. మునివెంకటప్ప ఆ గుంటలో బిళ్ళ పెట్టి చూసుకున్నాడు, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. అలా ఇరవై దాకా చిన్న తొట్లు చేసి అమ్మారు.

ఈ పని స్రవంతి తల్లి దేవకమ్మకి బొత్తిగా గిట్టేది కాదు. "చేతులు కోసుకోని ఏం సాధిస్తావే? మీ నాయన సాధించింది సాలదా?" అనేది. ఎవరినో పట్టుకుని గాంధీ రోడ్డులో చీరల అంగట్లో కూతురికి పని కూడా మాట్లాడి పెట్టింది. సరిగ్గా అప్పుడే పాకాల నుంచి దొరస్వామి ఫోను చేశాడు. ఆయన మామిడితోపులున్న రైతు. కొత్త ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో నల్ల గ్రానైటు బండతో దిమ్మె కట్టించాడట, దాని మీదకి నాలుగడుగుల తొట్టి కావాలన్నాడు. గృహప్రవేశం నాటికి అందులో చేపలు తిరుగుతుండాలి.

స్రవంతి నాలుగడుగుల తొట్టి ఎప్పుడూ చేయలేదు. అయినా నేనే చేస్తానని పట్టుబట్టింది. దేవకమ్మ అప్పుడొక షరతు పెట్టింది, నా బూత్ ముందు నిలబడి మరీ.

"సరే, నువ్వే చెయ్యి. అది నిలబడితే నీ ఇష్టమొచ్చిన పని చేసుకో, నేను నోరెత్తను. కారినా పగిలినా ఇంక అద్దం ముట్టేది లేదు. మర్యాదగా అంగడికి పోవల్ల."

"సరే" అంది స్రవంతి. ఆ పిల్ల కాసిన పందెం అది.

పన్నెండు రోజులు పట్టింది. అద్దాల అంచులు అరగదీసింది, స్పిరిట్‌తో తుడిచింది, గమ్ము గీత పెట్టి వేలితో ఒక్క లాగు లాగింది. ఒకచోట గాలిబుడగ కనిపిస్తే మొత్తం బ్లేడుతో గీకేసి మళ్లీ మొదటికొచ్చింది. అయ్యాక మూడు రోజులు నిండా నీళ్లు పోసి కొట్టు ముందు ఉంచింది. కింద అట్ట వేసి, చుట్టూ దినపత్రికలు పరిచి, తడి మరక పడుతుందేమోనని గంటకోసారి వంగి చూసింది. పడలేదు. మునివెంకటప్ప ఆ తొట్టి చుట్టూ తిరిగి తిరిగి, ఆ పిల్ల లేనప్పుడు నా దగ్గరకొచ్చి, "ఈ నాజూకు నాకు రాదప్పా రామచంద్రా, నా జన్మలో రాదు" అన్నాడు. ఆ మాట కూతురితో అనడానికి ఈయన నోరేం అరిగిపోయేదో నాకిప్పటికీ అర్థం కాదు.

తొట్టి పాకాలకి పోవాల్సిన రోజు తెల్లవారి స్రవంతి బయట చేరింది. పోయేదేమో గృహప్రవేశం జరుగుతున్న ఇల్లు, హోమం, పూజ. దేవకమ్మ ససేమిరా వీల్లేదంది.

"తొట్టి పెట్టి వచ్చేస్తా మా. ఎవురికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది" అంది దేవకమ్మ. అంతే, ఇంక మాట లేదు.

టెంపోలోకి తొట్టి ఎక్కిస్తుంటే ఆ పిల్ల వీధికి అవతలి వైపు ఎడంగా నిలబడి, అందరూ వింటుండగా అరిచి అరిచి చెప్పింది. "నాయనా, అట్ట మర్సిపోవద్దు. బండ శుభ్రంగా తుడువు. అట్ట పరువు. గుంట ఉండే మూల ఈశాన్యానికి రావల్ల. అప్పుడు తొట్టి దించు." మూడుసార్లు చెప్పింది. మూడోసారికి మునివెంకటప్ప విసుక్కున్నాడు. "ఎన్నిసార్లు చెప్తావు పాపా, నేనేమన్నా చిన్నబిడ్డనా?"

సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఎలా జరిగిందంటే బాగా జరిగిందన్నాడు. స్టూలు మీద కూలబడి "ఉస్సో" అన్నాడు. అది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. దొరస్వామి. నేను హలో అనేలోపలే అందుకున్నాడు. "ఎవురప్పా ఆడ? మునెంకటప్పను పిలువు! హాలంతా చెరువయిండాది ఈడ! కొత్త సోఫాలు తడిసి ముద్దయినాయి, చేపలు నేల మింద కొట్టుకోని సచ్చినాయి!"

నేను గోడ బాదాను. మునివెంకటప్ప వచ్చి ఫోనందుకున్నాడు. అటువైపు అరుపులు నాకు కూడా వినిపిస్తూనే ఉన్నాయి. ఆడపిల్లతో అతికించి పంపిస్తావా, ఇదేమన్నా బొమ్మరిల్లా అని. ఈయన వింటున్నాడు, నుదుటి మీద చెమట. చివరికి అన్నాడు. "అవునప్పా... ఆడపిల్ల పనే... తప్పయిపోయింది... ఇంకోటి చేసిస్తా."

ఫోను పెట్టేసి బూత్‌లో బల్ల మీద కూర్చున్నాడు. తలుపు వేసెయ్యమన్నాడు. అప్పుడు చెప్పాడు నాకు.

ఆ రోజు పాకాలలో ఏం జరిగిందంటే, బండ తుడిచి అట్ట పరిచాడు. దొరస్వామి భార్య చంద్రకాంతమ్మ వచ్చి చూసింది. నల్లగా నిగనిగలాడే బండ మీద తెల్ల అట్ట అంచు కనిపిస్తోంది. "ఇదేందప్పా, కొత్త సామాను పైన కాగితం ఇప్పకుండా పెట్టినట్టుండాది? బాగలేదు, తీసెయ్యి" అంది. పక్క గదిలో పంతులు ముహూర్తం దాటిపోతోందని తొందర పెడుతున్నాడు. ఈయన మోకాళ్లు పీకుతున్నాయి. నచ్చజెప్పే ఓపిక లేదు. అదీగాక లోపల్లోపల ఆ అట్ట దండగేనన్న నమ్మకం ఎక్కడికి పోతుంది? తీసేశాడు. తీసేసి, చేతి అలవాటున పసుపు బిళ్ళ తీసి బండ మీదే పెట్టి, దణ్ణం పెట్టి, తొట్టి దించాడు. ఆ తొట్టికి అడుగున సందు లేదన్న సంగతి ఆ క్షణాన గుర్తుకే రాలేదట. తొట్టి కొంచెం ఊగింది. నీళ్లు పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

"అంటే నువ్వే గదన్నా పగలగొట్టింది!" అన్నాను.

"మెల్లగా అప్పా, పాప ఇంటాది" అన్నాడు. "దానికి చెప్పొద్దు రామచంద్రా. నేనే చెప్తా. సాయంత్రం నిదానంగా చెప్తా."

ఆ సాయంత్రం పదకొండు రోజులైనా రాలేదు. కూతురితో "పగిలిందంట పాపా" అని మాత్రం చెప్పాడు. ఏ అతుకు ఊడిందంట అని అడిగితే, తెలీదన్నాడు.

స్రవంతి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గాజు ముక్కలు తెచ్చి అదే గమ్ముతో అతికించి, ఎండాక దారం కట్టి ఇటుకలు వేలాడదీసింది. అవి ఊడలేదు. గమ్ము పాతదేమోనని గొట్టం మీద తేదీ చూసింది. స్పిరిట్‌లో నీళ్లు కలిశాయేమోనని వాసన చూసింది. రాసుకున్న కొలతలు మళ్లీ మళ్లీ లెక్కేసింది. లెక్కల్లో తప్పిన పిల్ల కదా, తప్పు అక్కడే ఉంటుందని దాని అనుమానం. రోజూ పొద్దున నేను బూత్ తెరవగానే వచ్చేది.

"చిన్నాయనా, పాకాలాయన ఫోన్లో యాడ నుంచి పగిలిందో ఏమన్నా చెప్పినాడా?"

"ఏమీ చెప్పలేదమ్మా" అనేవాణ్ణి.

కొర్లగుంటలో ఎవరింట్లో పాలు విరిగినా చెప్పే నోరు నాది. ఈ ఒక్క సంగతి మాత్రం బిగబట్టాను. తండ్రీకూతుళ్ల మధ్య నేనెందుకు, ఆయనే చెప్పుకుంటాడులే అని. అదేదో పెద్దరికమనుకున్నాను. పెద్దరికం కాదు, పాడూ కాదు, పిరికితనం. తిలాపాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు నేను తీసుకున్నాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో వచ్చి, కౌంటరు మీద కుడిచెయ్యి చాచి పెట్టింది. "బాగా సూడు చిన్నాయనా. నా చెయ్యి వొణకతా ఉండాదా? గమ్ము లాగేటప్పుడు వొణికిందేమో, నాకే తెలీలేదేమో."

చూశాను. రాయిలా నిలబడి ఉంది ఆ చెయ్యి. "లేదమ్మా" అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఉంటే ఆ పిల్లకి ఆ రాత్రి నిద్ర పట్టేది.

అది వెళ్లాక కొట్లోకి పోయి మునివెంకటప్పని తిట్టాను. "నీకు దండం పెడతా అన్నా, చెప్పేసెయ్. సోమవారం నుంచి అంగడికి పోతానంటా ఉండాది పిల్ల!"

"ఎట్లా చెప్పేదప్పా" అన్నాడు, తల ఎత్తకుండా. "ఇన్నేండ్లు వొద్దు వొద్దన్న నోరు ఇది. ఇప్పుడు నువ్వే రైటు పాపా అనల్ల. అనేదానికి ఓపిక లేదు నాకు." మళ్లీ తనే అన్నాడు. "పోనీలే. చీరల అంగట్లో నీడన కూర్చుంటాది. నా చేతులు మాదిరి కావు దాని చేతులు."

నాకు ఒళ్లు మండిపోయింది. తన తప్పుకి కూతురి మంచిని అడ్డం పెట్టుకుంటున్నాడు! కానీ ఆయన ముఖం చూస్తే, ఆ మాట అబద్ధం కూడా కాదు. అందుకే మరీ మండింది.

పదకొండో రోజు దొరస్వామి మళ్లీ ఫోను చేశాడు. పగిలిన తొట్టి అట్లనే ఉండాది, నేనైతే చెయ్యి పెట్టను, వచ్చి ఎత్తుకోని పొండి అన్నాడు. స్రవంతి కొట్లోంచి విని వచ్చింది.

"నేనూ వస్తా నాయనా. ఏ అతుకు ఊడిందో నా కండ్లతో చూడల్ల. చూసినాక అంగడికి పోతా."

వద్దంటే వినలేదు. మునివెంకటప్ప నా చెయ్యి పట్టుకుని నువ్వు కూడా రా అన్నాడు. మా ఆవిడని బూత్‌లో కూర్చోబెట్టి వెళ్లాను. బస్సులో చెప్పేసెయ్యి అన్నా అని మోచేత్తో పొడుస్తూనే ఉన్నాను. చంద్రగిరి దాటాక చెప్తానన్నాడు. చంద్రగిరి దాటింది. పాకాల వచ్చేసింది.

హాల్లో తొట్టి దిమ్మె మీద అలాగే ఉంది. ఈశాన్యం మూల నుంచి చీలికలు విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. స్రవంతి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కో అతుకు మీద గోరు పెట్టి పై నుంచి కింది దాకా లాక్కుంటూ వచ్చింది. నాలుగు నిలువు అతుకులు, అడుగు అతుకులు. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"ఒగటీ ఊడలేదే!" అంది, తనలో తాను.

తొట్టి ఎత్తమంది. నేనూ, దొరస్వామీ, ఆయన మనుషులిద్దరూ పట్టుకుని ఎత్తాం. కింద నల్ల బండ, దాని మీద పసుపు మరకతో రూపాయి బిళ్ళ. అట్ట లేదు.

"నాయనా, అట్ట యాడ?" అంది స్రవంతి.

పాపం చంద్రకాంతమ్మకి ఏమీ తెలియదు, ఆవిడే అందుకుంది. "ఆ తెల్లట్టనా అమ్మాయ్? బాగలేదని నేనే తీసెయ్యమన్నా. మీ నాయన కూడా, అది మా పాప పిచ్చిలేమ్మా, లేకపోయినా ఏం కాదు అనినాడే."

స్రవంతి తండ్రి వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఈయనేం మాట్లాడతాడా అని చూస్తోంది, అంతే. దొరస్వామికి అట్ట గొడవేమీ పట్టలేదు. "అట్ట ఉన్నా లేకపోయినా తొట్టి అనేది నిలబడల్ల గదప్పా. ఆడపిల్ల చేతికిస్తే ఇంతే" అన్నాడు.

అప్పుడు మునివెంకటప్ప కదిలాడు. ఆ మోకాళ్లతో దిమ్మె దగ్గరికి నడిచి, దొరస్వామి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తొట్టి అతుకు మీద పెట్టాడు.

"లాగు. లాగన్నా, బలంగా లాగు. వొచ్చిందా? రాదు. అద్దం చీలింది గానీ నా బిడ్డ ఏసిన అతుకు ఎంటికంత కూడా ఊడలేదు. పగలగొట్టింది నేను. అట్ట పరవమని మూడుసార్లు చెప్పి పంపించింది, తీసేసినా. బండ మింద బిళ్ళ పెట్టినా. తొట్టి ఊగింది, సూసి కూడా నీళ్లు పోయించినా. ఆ పొద్దు ఫోన్లో ఆడపిల్ల పనే అని నీకు చెప్పినా చూడు, తెలిసే చెప్పినా. నా తప్పు నా మింద ఏసుకునేదానికి ధైర్యం సాల్లేదు, దాని మింద ఏసినా. ఇంగెప్పుడూ దాన్ని ఏమీ అనొద్దు."

ఒక్క ఊపున అనేసి, ఆయాసంతో ఆ నీటి మరకలు పడ్డ సోఫాలోనే కూర్చుండిపోయాడు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆయన ఏడవడం నేను అదే చూడటం.

దొరస్వామి చెడ్డవాడేం కాదు. చాలాసేపు మెడ గోక్కుని, "మల్ల ఇంకో తొట్టి ఎవురు చేసేది?" అన్నాడు.

"నేనే" అంది స్రవంతి. చంద్రకాంతమ్మ వైపు తిరిగి, "కింద అట్ట పెడతా. అది కనపడతాది. బాగలేదంటే ఇప్పుడే చెప్పండి" అంది.

"కనపడితే కనపడనీలేమ్మా" అంది ఆవిడ.

దారిలో బస్సులో ఆ పిల్ల ముందు ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. మేమిద్దరం వెనక. తిరుపతి బస్టాండులో దిగాక, జనం మధ్య నిలబడి తండ్రితో అంది.

"తొట్టి పోతే ఇంకోటి చేస్తా నాయనా. అట్ట తీసేసినావు, అది కూడా పోనీ. పదకొండు రోజులు నా చెయ్యి పనికిరాదని నేనే అనుకునేటట్టు చేసినావే. పక్కనే ఉండి, అంతా సూస్తా ఉండి."

ఆ పిల్ల ఆయన భుజం మీది కండువా అంచుతో ఆయన ముఖం తుడిచి, పద ఇంటికి పోదాం అంది. నాలుగడుగులు వేసి ఆగింది. నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు మా నాయన నీ బూత్‌లోనే కదా ఫోన్లో మాట్లాడినాడు. నీకూ తెలుసా చిన్నాయనా?"

నేను తల ఊపాను.

తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాణ్ణి. తండ్రి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది.

స్రవంతి రెండోసారి చేసిన పాకాల తొట్టి ఇప్పటికీ నిలబడే ఉంది, దేవకమ్మ మళ్లీ నోరెత్తలేదు. స్రవంతి ఆరడుగుల తొట్లు కూడా చేస్తోంది. నేను ఎదురైతే బాగానే పలకరిస్తుంది, బాగున్నావా చిన్నాయనా అంటుంది, పండగొస్తే ఓళిగలు పంపిస్తుంది. కానీ ఆ రోజు తర్వాత ఏ సంగతైనా నిజమా కాదా అని నన్నెప్పుడూ అడగలేదు.